పొలమే ప్రదర్శనశాల: కార్తెలు, వానలు, పంటలు, పండుగలు పిల్లలకు చూపించే ఏర్పాటు

పట్నానికి దగ్గరగా పొలం ఉన్న చాలామంది రైతులకు ఈమధ్య ఒక కొత్త అనుభవం ఎదురవుతోంది. ఏదో ఒక బడి నుంచి ఫోన్ వస్తుంది. "మా పిల్లలకు వ్యవసాయం చూపిస్తారా?" అని అడుగుతారు. రైతు సంతోషంగా ఒప్పుకుంటాడు. బస్సు వస్తుంది, పిల్లలు దిగి వరి మడి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, చెరుకు ముక్క తిని వెళ్లిపోతారు. ఆ రోజు రైతు పని చెడుతుంది. పిల్లలకు మాత్రం వరి అంటే పచ్చగా ఉండే గడ్డి అన్నంత వరకే తెలుస్తుంది.

వ్యవసాయంలో చూపించాల్సింది ఒక రోజు కనిపించే పచ్చదనం కాదు, ఏడాది తిరిగే తీరు. ఏ కార్తెలో ఏ వాన, ఏ వానకు ఏ విత్తనం, ఏ పంట ఇంటికి వచ్చాక ఏ పండుగ అన్నది వాళ్లకు అర్థం కావాలి. దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక గుంట స్థలం, 27 రాళ్లు, ఒక వానమాపకం, ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉంటే చాలు. పైగా ఇలా నడిపే లెక్క మీ సొంత విత్తనం పనికి కూడా ఉపయోగపడుతుంది. ఆ సంగతి కింద వివరంగా చెప్పాం.

పాత పంటల జాతర నుంచి నేర్చుకోదగ్గది

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర నడుపుతున్నాయి. సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు సాగుతుంది. అలంకరించిన ఎడ్ల బండ్ల మీద జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము వంటి విత్తనాలను పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. బండి ఆగిన చోట పాటలు ఉంటాయి, విత్తనాల గురించి మాటలు ఉంటాయి. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

ఈ జాతరలో గమనించాల్సినవి రెండు. ఒకటి, అది జరిగే కాలం. వానాకాలం పంట ఇంటికి చేరి, విత్తనం ఆరబెట్టి దాచుకునే సమయంలోనే చేస్తారు కాబట్టి చూపించే విత్తనం ఆ ఏడాదిదే. రెండు, మాట్లాడేది ఆ విత్తనాన్ని పండించిన ఆడవాళ్లే. చార్టు చదివి చెప్పేవాళ్లు కాదు.

చెన్నై దగ్గరి దక్షిణచిత్రలోనూ, హైదరాబాద్ శిల్పారామంలోనూ పాత ఇళ్లు, పల్లె పనులు ఆరుబయట చూడవచ్చు. చూడదగ్గవే. అయితే అక్కడి మట్టి ఇల్లు జూన్‌లో వెళ్లినా జనవరిలో వెళ్లినా అలాగే ఉంటుంది. మీ పొలం అలా ఉండదు. మీ దగ్గరున్న సరుకు అదే.

కార్తెల చుట్టు వేసుకునే పద్ధతి

గట్టుకు దగ్గరగా, నీరు నిలవని చోట ఒక గుంట (33 అడుగులు × 33 అడుగులు, అంటే సుమారు రెండున్నర సెంట్లు) ఎంచుకోండి. మధ్యలో మేకు కొట్టి 14 అడుగుల తాడు కట్టి, చుట్టూ గీత గీయండి. ఆ గీత పొడవు 88 అడుగులు వస్తుంది. దాని మీద సుమారు 3 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున 27 రాళ్లు పాతితే చుట్టు సరిపోతుంది. రాళ్లకు సున్నం కొట్టి ఒక్కొక్క దాని మీద ఒక కార్తె పేరు రాయండి. రంగు కంటే సున్నమే మేలు, ఏటా తిరిగి రాసుకోవచ్చు.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. కాబట్టి కార్తె మొదలయ్యే తేదీలు ఏటా దాదాపు ఒకేలా ఉంటాయి. పంచాంగాన్ని బట్టి ఒక రోజు అటూఇటూ కావచ్చు. ఇప్పటి లెక్కలో అశ్విని ఏప్రిల్ 14, భరణి ఏప్రిల్ 27, కృత్తిక మే 11, రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జులై 6, పుష్యమి జులై 20, ఆశ్లేష ఆగస్టు 3, మఖ ఆగస్టు 17, పుబ్బ ఆగస్టు 30, ఉత్తర సెప్టెంబరు 13, హస్త సెప్టెంబరు 27, చిత్త అక్టోబరు 10, స్వాతి అక్టోబరు 24, విశాఖ నవంబరు 6, అనూరాధ నవంబరు 19, జ్యేష్ఠ డిసెంబరు 2, మూల డిసెంబరు 15, పూర్వాషాఢ డిసెంబరు 28, ఉత్తరాషాఢ జనవరి 11, శ్రవణం జనవరి 24, ధనిష్ఠ ఫిబ్రవరి 6, శతభిషం ఫిబ్రవరి 19, పూర్వాభాద్ర మార్చి 4, ఉత్తరాభాద్ర మార్చి 17, రేవతి మార్చి 31 ప్రాంతంలో వస్తాయి.

పంచాంగం అశ్వినితో మొదలవుతుంది. పొలంలో మాత్రం చుట్టులోకి వచ్చే దారి దగ్గర మృగశిర రాయి పెట్టడమే బాగుంటుంది. తొలకరి పనులు అక్కడి నుంచే కదా. పిల్లలు లోపలికి వచ్చి కుడిచేతి వైపు చుట్టు ఉండేలా నడుస్తూ ఏడాదంతా తిరిగి, రోళ్లు పగిలే ఎండ అని మనవాళ్లు చెప్పుకునే రోహిణి దగ్గర బయటికి వస్తారు.

ప్రతి రాయి వెనక ఒక అడుగు మడి వదిలి, ఆ కార్తెలో మీరు ఏం చేస్తారో అది అక్కడ ఉంచండి. విత్తే కార్తె అయితే విత్తనం, కలుపు తీసే కార్తె అయితే తొలిక, కోత అయితే కొడవలి, కంకి. బొమ్మలు గీయించి డబ్బు ఖర్చు పెట్టకండి.

పండుగలకు మాత్రం రాయి పాతకూడదు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సంక్రాంతి సూర్యుడి లెక్క కాబట్టి తేదీ పెద్దగా మారదు. ఉగాది, ఏరువాక పౌర్ణమి, బతుకమ్మ, దసరా, దీపావళి చంద్రుడి లెక్క. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. ఆ తేడా పోగైనప్పుడు అధిక మాసం వచ్చి సరిచేస్తుంది. అందుకే పండుగలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ఏరువాక పౌర్ణమి 2025లో జూన్ 11న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందువల్ల జూన్ 29న వస్తుంది. మృగశిర మాత్రం రెండేళ్లూ జూన్ 8 ప్రాంతంలోనే. కర్రకు రంగు గుడ్డ కట్టి పండుగ గుర్తుగా పెట్టుకుని, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ కర్రలను మార్చండి. ఆ మార్చే పని పిల్లల చేత చేయిస్తే సూర్యుడి లెక్కకూ చంద్రుడి లెక్కకూ తేడా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

వానమాపకం లేకుండా ఈ ఏర్పాటు చేయకండి

ఒక్క కార్తెల చుట్టు మాత్రమే చూపిస్తే పిల్లలు ఒక తప్పుడు అభిప్రాయంతో వెళ్తారు. మృగశిర రాగానే వాన పడుతుంది, పడగానే విత్తుతారు అనుకుంటారు. పిల్లలే కాదు, మనమూ అలా అనుకునే నష్టపోతుంటాం. కార్తె వానను తీసుకురాదు. అది తేదీని గుర్తుపెట్టుకునే పద్ధతి. పైగా కార్తెలు నక్షత్రాల లెక్క కాబట్టి ఎండావానల లెక్కతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతూ వస్తాయి. వెయ్యేళ్ల కిందట మృగశిర ఇప్పటికంటే రెండు వారాలు ముందే వచ్చేది. పెద్దల మాటలను గౌరవించాల్సిందే, కానీ విత్తనం వేసేది తేదీ చూసి కాదు, తేమ చూసి.

వర్షాధారపు పంటలకు తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తర్వాతే విత్తాలని శాస్త్రవేత్తలు చెబుతారు. తొలి జల్లుకే పత్తి గింజ పెట్టి, తర్వాత పది రోజులు ఎండ కాసి, మళ్లీ విత్తనం కొన్న రైతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎన్ని మిల్లీమీటర్లు పడిందో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. మండల కేంద్రంలో నమోదైన వాన మీ పొలంలో పడకపోవచ్చు.

వానమాపకం కొనుక్కోవచ్చు, చేసుకోవచ్చు కూడా. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా తీసుకోండి. వెడల్పు కనీసం నాలుగు అంగుళాలు ఉంటే మంచిది. లోపల నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే వచ్చే మిల్లీమీటర్లే వాన. అడుగు గుంటగా ఉన్న ప్లాస్టిక్ సీసా అయితే గుంట నిండేదాకా ముందే నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టి, దాని పైనుంచి కొలవండి. డబ్బా మూతి నేలకు అడుగు ఎత్తున ఉండాలి, గాలికి పడకుండా చుట్టూ రాళ్లు పేర్చాలి. చెట్టు గాని గోడ గాని ఎంత ఎత్తు ఉంటే దానికి రెండింతల దూరంలో పెట్టాలి. చెట్టు కింద పెడితే కొలత తప్పుతుంది.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం రోజూ ఉదయం 8.30కి కొలిచి, రాసుకుని, నీళ్లు పారబోయాలి. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు. ఒక కార్తె అయిపోగానే ఆ కార్తెలో పడిన మొత్తం వానను పలక మీద రాసి ఆ రాయి దగ్గర పెట్టండి. మరుసటి ఏడాది ఆ పలక తీసేయకుండా పక్కనే ఇంకొకటి పెట్టండి. మూడు నాలుగేళ్లు గడిచేసరికి ఆరుద్రలో ఏ ఏడు ఎంత పడిందో మీ పొలం లెక్క మీ కళ్ల ముందే ఉంటుంది.

పిల్లలకు ఒక లెక్క తప్పకుండా చెప్పించండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే 25 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద కురిస్తే లక్ష లీటర్ల పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లు 20. నగరంలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే ఇంటి పిల్లలకు ఈ లెక్క బాగా ఎక్కుతుంది.

చెట్లు, పువ్వులు, పురుగులు

చుట్టులో లేనివి గట్ల మీద ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలిన మోదుగ ఎర్రగా పూస్తుంది. హోలీ రంగుకు ఆ పూలే వాడేవారు. ఉగాది పచ్చడికి వేప పూత అందుతుంది. ఎండలు ముదిరితే ఇప్ప పువ్వు, ఆ తర్వాత పసుపు గుత్తులతో రేల. మొదటి మంచి వాన పడ్డాక ఇసుక కలిసిన నేలల్లో ఎర్రటి మఖ్మల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగు బయటికి వస్తుంది. కార్తె పేరునే పురుగుకు పెట్టుకున్నారంటే మన పెద్దలు ఎంత శ్రద్ధగా చూశారో తెలుస్తుంది. అది పంటకు హాని చేయదు, ఇతర పురుగుల గుడ్లను తింటుంది. పిల్లలు చేతిలోకి తీసుకుని చూశాక అక్కడే వదలమని చెప్పండి. వానాకాలంలోనే బావి మీదికి వాలిన ఈత, తుమ్మ కొమ్మలకు గిజిగాడు గూళ్లు అల్లుతుంది. అల్లేది మగ పక్షి.

భాద్రపదం చివరికి తంగేడు, గునుగు పూస్తాయి. బతుకమ్మ పేర్చేది వీటితోనే. గునుగు మనకు కలుపు మొక్క. గడ్డి మందు కొట్టిన చేలో అది కనిపించదు. పండుగకు ఊరి ఆడపిల్లలు గునుగు కోసం ఎంత దూరం వెళ్తున్నారో ఒకసారి మీ ఇంట్లోనే అడిగి చూడండి. చేలో ఉంచమని మేం చెప్పం. గట్టు మీద ఒక నాలుగు గజాలు వదిలి, పూత కోసుకున్నాక విత్తనం రాలకముందే పీకేస్తే పండుగకు పువ్వు ఉంటుంది, చేనుకు బెడద ఉండదు. తంగేడు అయితే గట్టున ఎంత ఉన్నా మంచిదే, రొట్ట కొట్టి పచ్చి ఎరువుగా మడిలో వేసుకోవచ్చు.

దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఒకటి నడుస్తోంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికి ఒకసారి లేత ఆకు, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో రాయడమే అందులో పని. బడి పిల్లలు చాలామంది చేస్తున్నారు. మీ ఊరి బడి పిల్లలకు మీ గట్టు మీది మామిడినో చింతనో అప్పగించండి. చెట్టుకు మేకు కొట్టకుండా తాడుతో చిన్న పలక వేలాడదీయాలి.

ఊరిని బట్టి చుట్టు మారాలి

తెలంగాణ జిల్లాలో చేసిన చుట్టును నెల్లూరులో అలాగే వేస్తే తప్పు. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్కడి రైతు దారి దగ్గర స్వాతి రాయి పెట్టుకోవడమే సబబు. అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ ఎక్కువగా జులైలో విత్తుతారు కాబట్టి పునర్వసు, పుష్యమి దగ్గర ఆ గొర్రు కనిపించాలి. గోదావరి, కృష్ణా డెల్టాలో కార్తె కంటే కాలువకు నీళ్లు వదిలే తేదీయే ముఖ్యం. వానతోపాటు ఆ తేదీని కూడా పలక మీద రాయండి.

గిరిజన గ్రామాల్లో కొత్త కందికాయ, కొత్త మామిడికాయ కొత్తల పండుగ చేసుకున్నాకే తింటారు. కాయ ముదరకముందే కోయకుండా ఆ కట్టుబాటు కాపాడుతుందని అక్కడి పెద్దలు చెబుతారు. ఇలాంటివి చెప్పవచ్చు గాని, పూజను బయటివాళ్ల కోసం ప్రదర్శనగా చేయకూడదు. ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది ఊరి పెద్దలను అడిగి వాళ్ల మాట ప్రకారమే చేయాలి.

పిల్లలు వచ్చే రోజు

ఒకసారికి 30 మందికి మించి ఒప్పుకోకండి. ఉదయం పూటే రమ్మనండి. బడివాళ్లతో మాట్లాడేటప్పుడే ఒక షరతు పెట్టండి: అదే పిల్లలు ఏడాదిలో కనీసం రెండుసార్లు రావాలి. ఒక్కసారి వచ్చి వెళ్లేవాళ్లకు కాలం తిరగడం కనిపించదు. దీనికి పెసర బాగా సరిపోతుంది. బడులు తెరిచాక జూన్‌లో, నేల తడిసిన రోజు చూసి, రెండు సాళ్లు పిల్లల చేత విత్తించండి. 60 నుంచి 70 రోజుల్లో కాయ కోతకు వస్తుంది, అంటే ఆగస్టు చివరికల్లా వాళ్లు విత్తిన దాన్ని వాళ్లే కోస్తారు. వాన లేక ఎండిపోతే ఎండిన సాలునే చూపించండి. దాచిపెట్టకండి. ఆ కార్తె పలక మీద ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చదివిస్తే ఎందుకు ఎండిందో వాళ్లకే తెలుస్తుంది.

మాట్లాడే పని ఇంట్లోని అవ్వకో తాతకో అప్పగించండి. మైకు వద్దు. "అవ్వా, మీ చిన్నప్పుడు ఈ కార్తెలో ఏం తినేవాళ్లు?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే మిగతాది ఆమే చెప్పుకుపోతుంది. మృగశిర నాడు చేపలు తినడం, ఇంగువ బెల్లం మింగడం, కనుమ నాడు ఎడ్లను కడగడం వంటివి పుస్తకం చదివి చెబితే పిల్లలు వినరు, ఆమె చెబితే వింటారు.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. పురుగుమందు కొట్టిన మడి వైపు పిల్లలను కనీసం వారం రోజులు పోనివ్వకండి. డబ్బా మీద అంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే దాన్నే పాటించాలి. మందు డబ్బాలు తాళం వేసిన చోట ఉండాలి. బావికి పిట్టగోడ లేకపోతే కంప అడ్డం పెట్టి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. మోటారు స్టార్టరు పెట్టెకు తలుపు ఉండాలి. ఉరుము వినిపిస్తే కార్యక్రమం ఆపి అందరినీ పక్కా ఇంట్లోకో బస్సులోకో పంపాలి, చెట్టు కింద నిలబడనివ్వకూడదు. పిడుగు హెచ్చరికలకు దామిని యాప్, వాన సూచనకు మేఘదూత్ యాప్ ఫోన్‌లో ఉంచుకోండి. పాము కాటు జరిగితే గాటు పెట్టడం, బిగించి కట్టడం చేయకుండా 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని ఉంచండి.

డబ్బు అడగడానికి చాలామంది రైతులు సిగ్గుపడతారు. ఒక పూట మీరూ మీ ఇంటివాళ్లూ పని మానుకుని నిలబడతారు. ఆ కూలీ, విత్తనం, తాగునీరు, పిల్లలకు పెట్టే జొన్న రొట్టె లేదా ఉడకబెట్టిన పల్లీలు అన్నీ కలిపి తలకు ఎంత పడుతుందో చూసి, ముందే ఫోన్‌లో చెప్పండి. మీ ఊరి సర్కారు బడి పిల్లల దగ్గర తీసుకోకపోతే బాగుంటుంది. ఇది మా అభిప్రాయం మాత్రమే. తిరిగి వెళ్లేటప్పుడు కందిపప్పు, కొర్రలు, బెల్లం వంటివి కొనుక్కునేలా గట్టు దగ్గర ఒక బల్ల వేసుకుంటే ప్రవేశ రుసుము కంటే దాని మీదే ఎక్కువ వస్తుంది.

మొదలుపెట్టడానికి వేసవి దుక్కుల సమయం మంచిది. కృత్తికలో రాళ్లు పాతి, రోహిణిలో వానమాపకం పెట్టుకుంటే మృగశిర మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మొదటి ఏడాది బయటివాళ్లను పిలవకుండా మీ ఇంటి పిల్లలతోనే నడపండి. రోజూ 8.30కి డబ్బా చూసే పని వాళ్లలో ఒకరికి అప్పగించి, రాసే పుస్తకం వాన తగలని చోట, అందరికీ అందేటట్టు చూరుకు వేలాడదీయండి.